డిస్కు మీద పడేదాకా ‘అయిపోయింది’ అనను

అక్టోబర్ 8, 2012, సోమవారం

ఈరోజు నుంచి నేను కొత్త మనిషిని!

నిర్ణయం: డిస్కు మీద పడేదాకా ‘అయిపోయింది’ అనను. ప్రోగ్రాములోనూ అనను, ఇంట్లోనూ అనను. ఈ డైరీ మొదలుపెట్టింది అందుకే. ఆంధ్రులు ఆరంభశూరులు అని ఎవరో అన్నారట. అన్నవాళ్లని నెలాఖరుకి పిలిచి ఈ డైరీ చదివి వినిపిస్తాను. టీ కూడా ఇస్తాను.

ముందు నిన్నటి ఘోరం రాయాలి. శంషాబాద్‌లో అనంతయ్య గారి ట్రావెల్స్‌కి నేను కంప్యూటర్ ఇంజినీరుని. మొదటివాణ్ణీ, చివరివాణ్ణీ నేనే. జనాన్ని ఎయిర్‌పోర్టుకి చేర్చడం మా వ్యాపారం. ఏ కారు ఎక్కడుంది, ఎవరిని ఎక్కించుకోవాలి అన్న లెక్కంతా నేను రాసిన ప్రోగ్రాము చూసుకుంటుంది. వివరాలన్నీ మెమరీలోనే పెట్టాను. డిస్కు దాకా పోయి వెతికితే ఆలస్యం, మెమరీలో అయితే అడిగీ అడగకముందే జవాబు. అద్భుతంగా ఉండేది. ఒక్కటే చిక్కు. మెమరీకి కరెంట్ ఉన్నంతసేపే జ్ఞాపకం. అందుకని బుకింగులు డిస్కు మీద కూడా పడే ఏర్పాటు చేయాలి. ఆగస్టులో అనంతయ్య గారు “చేసినవా సారూ?” అంటే “అయిపోయిందండీ” అన్నాను. చేయాలని అనుకోవడం అప్పటికే అయిపోయింది మరి.

నిన్న మధ్యాహ్నం కరెంట్ పోయింది. ముసలి ఇన్వర్టర్ రెండు కూతలు కూసి అదీ పోయింది. కరెంట్ తిరిగొచ్చేసరికి కంప్యూటర్ తెల్లమొహం వేసింది. ఒక్క బుకింగ్ లేదు! మాకు గిరాకీ ఇచ్చి అన్నం పెట్టే హోటల్ ఎయిర్‌పోర్టు రోడ్డులోనే ఉంది. అక్కడ దిగిన పెద్దమనిషి ఒకాయన మా కారు కోసం గేటు దగ్గర సూట్‌కేసు మీద కూర్చుని, కూర్చుని, చివరికి ఆటో ఎక్కాడట.

హోటల్ మేనేజర్ రేఖ గారు ఈ పొద్దున ఫోన్ చేసి మర్యాదగా చెప్పింది. దసరా దాకా చూస్తుంది. ఒక్క కారు కూడా తప్పకపోతే ఏడాది కాంట్రాక్టు మాకే. ఒక్కటి తప్పినా వేరేవాళ్లకి.

అనంతయ్య గారు అరవలేదు. అరిస్తే బాగుండేది.

“మామిడిపల్లిల మా భూమి ఎయిర్‌పోర్టుల పాయె సారూ. వచ్చిన పైసలన్నీ కార్లల్ల పెట్టిన. గీ హోటల్ గూడ పోతే కార్లను షెడ్డుల కట్టేసి గడ్డి వెయ్యాల్నా?” అన్నాడు. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, “కరెంట్ పోతే ఫ్యాన్ ఆగుతది, లైటు ఆగుతది. గది సమజైతది. చెప్పిన మాట ఎట్ల మరుస్తది?” అన్నాడు.

ఇంటికొచ్చి కీర్తనకి చెప్పాను. నా భార్య జాలిపడింది. ఆయన మీద.

“మీరు ‘అయిపోయింది’ అంటే ఇంకా మొదలుపెట్టలేదని నాకు పెళ్లైన నెలలోనే తెలిసిందండీ. పాపం, ఆయనకి ఎవరూ చెప్పలేదు.”

చూపిస్తాను. అందరికీ చూపిస్తాను.

అక్టోబర్ 9, మంగళవారం

చేసేశాను! నిజంగానే!

ఇప్పుడు పద్ధతి ఏమిటంటే, బుకింగ్ రాగానే ముందు డిస్కు మీద ఒక చిట్టా చివర ఒక వరుస పడుతుంది. డిస్కు ‘ఆ, రాసుకున్నాను’ అన్నాకే తెర మీద పచ్చగా ‘అయింది’ అని వస్తుంది. కరెంట్ పోయి వచ్చిందనుకోండి, కంప్యూటర్ ఆ చిట్టాని మొదటి నుంచి చదువుకుని మెమరీని మళ్లీ నింపుకుంటుంది. అంతే. ఇంత చిన్న పనిని రెండు నెలలు వాయిదా వేసిన మొనగాణ్ణి నేను.

పన్నెండింటికి కోత. ఎప్పటిలాగే వచ్చింది. ఇన్వర్టర్ కూసింది, చచ్చింది. కరెంట్ రాగానే బుకింగులన్నీ వరసగా లేచి కూర్చున్నాయి! ఫోన్ల దగ్గర కూర్చునే శోభ చప్పట్లు కొట్టింది. అనంతయ్య గారు మిర్చి బజ్జీలు తెప్పించాడు. ఆ ఊపులో ఇన్వర్టర్‌కి కొత్త బ్యాటరీ కూడా చెప్పాడు.

సాయంత్రం కీర్తన “గీజర్ బాగుచేయించారా?” అంది. “ఇంకా లేదు” అన్నాను. నిజం! దగ్గరికొచ్చి నుదురు పట్టుకుని చూసింది.

అక్టోబర్ 12, శుక్రవారం

చిన్న ఇబ్బంది. చాలా చిన్నది.

కార్లు ఎక్కడున్నాయో చెప్పే కబుర్లు కూడా అదే చిట్టాలో పడుతున్నాయి. ప్రతి కారూ నిమిషానికోసారి ‘ఇక్కడున్నా, ఇక్కడున్నా’ అంటుంది కదా. ఈరోజు కొత్త బ్యాటరీ బిగించడానికి కాసేపు అన్నీ ఆపారు. మళ్లీ పెట్టాక కంప్యూటర్ చిట్టా చదవడం మొదలుపెట్టింది. మంగళవారం ఒక కారు గగన్‌పహాడ్‌లో టీ కోసం ఆగడం, బుధవారం అదే కారు అక్కడే మళ్లీ ఆగడం, అన్నీ ఓపికగా గుర్తుచేసుకుంది. అవతల శోభ ఫోన్లో జనానికి సర్దిచెబుతోంది.

“జర ఆగుండ్రి సార్, మా కంప్యూటర్ పాత ముచ్చట్లు యాది జేసుకుంటున్నది.”

మందు కనిపెట్టాను. గంటకోసారి మెమరీ మొత్తానికి ఒక ఫొటో తీసి డిస్కు మీద పెట్టడం. ఆ ఫొటో క్షేమంగా చేరాక అంతకుముందు చిట్టా అవతల పారెయ్యడం. లేచాక ఫొటో చూసుకుని, దాని తర్వాత పడ్డ నాలుగు వరుసలు చదువుకుంటే సరి. మధ్యాహ్నం కల్లా పెట్టేశాను. పరీక్షించాను కూడా!

నన్ను నేనే మెచ్చుకోవాల్సి వస్తోంది. మిగతావాళ్లు బిజీ.

అక్టోబర్ 15, సోమవారం

శోభ గొడవ.

“సార్, బుకింగ్ కొడితే గది అయిందని చెప్పనీకె మస్తు సోంచాయిస్తున్నది. ఈ చెవుల ఒక ఫోను, ఆ చెవుల ఒక ఫోను. నేనేం జెయ్యాలె?”

చూస్తే తప్పు నాది కాదు. (మొదటిసారి!) డీజిల్ ఎవరో దొంగిలిస్తున్నారని అనంతయ్య గారు షెడ్డులో సీసీ కెమెరాలు పెట్టించాడు. ఆ బొమ్మలన్నీ వచ్చి పడేది నా డిస్కు మీదే. నా బుకింగ్ పోయి ఆ బొమ్మల వెనక వరసలో నిలబడుతోంది. వేరే డిస్కు కొనమంటే, “ముందుగాల దొంగ దొరకనీ సారూ” అన్నాడు.

అందుకని చిన్న సడలింపు. ప్రతి బుకింగ్‌కీ డిస్కు జవాబు కోసం ఆగడం మానేసి, సెకనుకోసారి అందాకా వచ్చినవన్నీ ఒక్కసారే రాయిస్తున్నాను. తెర మీద ‘అయింది’ మాత్రం వెంటనే వచ్చేస్తుంది. అంటే సెకను ముందుగా అబద్ధం చెబుతోందన్నమాట. సెకను అబద్ధం ఒక అబద్ధమా? పెద్ద పెద్ద కంపెనీలవాళ్లే ఇలా చేస్తారు. నిర్ణయానికి భంగం లేదు.

శోభ సంతోషించింది. ఈరోజు నుంచి బతుకమ్మ. తొందరగా వెళ్లిపోయింది.

అక్టోబర్ 17, బుధవారం

ఇవాళ చేసిన పనికి నాకు శాలువా కప్పాలి.

ఒక కంప్యూటర్ని నమ్ముకోవడం ఏమిటని, ఇంట్లో లాప్‌టాప్ పట్టుకెళ్లి పక్కన పెట్టాను. పెద్ద కంప్యూటర్‌కి ఏ బుకింగ్ వచ్చినా మరుక్షణం లాప్‌టాప్‌కీ నకలు వెళుతుంది. దానికి సొంత బ్యాటరీ ఉంది. కరెంట్ పోనీ, ఇన్వర్టర్ పేలిపోనీ, ఒకటి చస్తే ఇంకోటి బతికే ఉంటుంది!

అనంతయ్య గారు రెండింటినీ మార్చి మార్చి చూసి, “జోడెడ్ల లెక్క కట్టినవ్” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “గీ కాంట్రాక్టు వస్తే బ్యాంకోళ్లు ఇంటికి వచ్చుడు బంద్ జేస్తరు సారూ. మా ఇంటామె వాళ్లను చూస్తే వెనక గదిలకు పోయి కూసుంటది” అన్నాడు. ఇంటామె అంటే రేణుకమ్మ గారు. ప్రతి మధ్యాహ్నం మా అందరికీ మజ్జిగ పంపే మనిషి.

“మీకేం భయం లేదండీ, నేనున్నాను” అన్నాను. అన్నప్పుడు నిజంగానే అనిపించింది.

కీర్తన: “నా లాప్‌టాప్ ఎప్పుడొస్తుంది?” నేను: “వారంలో.”

అక్టోబర్ 19, శుక్రవారం

అనంతయ్య గారికి దొంగ దొరకలేదు. ఇంకో రెండు కెమెరాలు పెట్టించాడు.

డిస్కు కుయ్యో మొర్రో అంటోంది. సెకనుకోసారి రాయమన్నా మొరాయిస్తోంది. శోభ మళ్లీ నా ప్రాణం తీస్తోంది. సరే, ఇంకో చిన్న సడలింపు. సెకనుకోసారి కూడా ఒత్తిడి చేయడం మానేశాను. డిస్కుకి ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడే రాసుకుంటుంది. అరనిమిషం పట్టొచ్చు, ముప్పావు నిమిషం పట్టొచ్చు. ఈలోగా ‘అయింది’ అని మాత్రం పచ్చగా, చక్కగా, కళకళలాడుతూ వచ్చేస్తుంది.

ఇందులో తప్పేమీ లేదు. ఎందుకంటే:
ఇన్వర్టర్‌కి కొత్త బ్యాటరీ ఉంది.
లాప్‌టాప్‌లో నకలు ఉంది.
దసరాకి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి.
సరిగ్గా ఆ అరనిమిషంలోనే కరెంట్ పోవాలంటే నా మీద ఎవరో పగబట్టాలి.

దసరా అయ్యాక మళ్లీ బిగిస్తాను. రాసిపెట్టుకున్నాను కదా ఇక్కడ. రాసిపెట్టుకుంటే చేసినట్టే.

గీజర్: మనిషికి ఫోన్ చేశాను అన్నాను. (నంబరు వెతికాను.)

అక్టోబర్ 21, ఆదివారం

కీర్తన చెల్లెలు వచ్చింది. ఇద్దరూ సినిమా చూడాలన్నారు. ఆఫీసుకెళ్లి లాప్‌టాప్ తెచ్చాను. ఒక్క రాత్రికి. రేపు పట్టుకెళ్తాను.

జోడెద్దుల్లో ఒకటి అత్తారింటికి వెళ్లింది, అంతే.

అక్టోబర్ 22, సోమవారం

సినిమా సగమే అయింది. రేపు.

అక్టోబర్ 23, మంగళవారం

రేపు అంటే దసరా. దసరా రోజు ఎవరు పనిచేస్తారు? దసరా మర్నాడు పట్టుకెళ్తాను.

ఇప్పటికి ఒక్క కారు తప్పలేదు! రేపొక్కరోజు గడిస్తే కాంట్రాక్టు మాది. అనంతయ్య గారు ఫోన్ చేసి, “అంత మంచిగనే ఉన్నది కద సారూ?” అన్నాడు. “అంతా అయిపోయిందండీ” అన్నాను.

అలవాటులో వచ్చేసింది. లెక్కలోకి రాదు.

అక్టోబర్ 24, బుధవారం, దసరా

పొద్దున

గారెలు. అల్లం పచ్చడి. కీర్తన చెయ్యి ఈరోజు మంచి ఊపులో ఉంది. నాలుగో గారె నోట్లో ఉండగా అనంతయ్య గారి ఫోన్.

“సారూ, ఆయుధ పూజ చేస్తున్నం. కార్లన్నీ కడిగి పూలు కట్టినం. గీ కంప్యూటర్ గూడ యాడాదంత పని జేసె. దానికి బొట్టు వెట్టి దండం పెట్టాలె. నడిచేదానికి పూజ జెయ్యద్దని మా ఇంటామె అంటున్నది. జరసేపు బంద్ జెయ్యాల్నా? అంత రాసుకున్నదా?”

దాన్ని నిద్రపుచ్చడానికి ఒక పద్ధతి ఉంది. ముందు మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద పెట్టుకోమని చెప్పి, పెట్టుకున్నాక ఆపాలి. దానికి ఒక బటన్ కూడా చేశాను. ఎవరికీ నేర్పలేదు. ఫోన్లో చెప్పాలంటే ఐదు నిమిషాలు. గారె చల్లారిపోతుంది.

“అయిపోయిందండీ, కట్టేయండి” అన్నాను.

ఆయన ఇన్వర్టర్‌తో సహా అన్నీ కట్టేసి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడట. ఫొటో పంపిస్తానన్నాడు.

సాయంత్రం

ఎలా రాయాలో తెలియడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

నాలుగింటికి రేఖ గారి ఫోన్ వచ్చిందని అనంతయ్య గారు నన్ను పిలిచాడు. పరుగెత్తాను. హోటల్లో దిగిన ఒకావిడ, ఇద్దరు పిల్లలు. దుబాయ్‌లో ఉన్న భర్త దగ్గరికి వెళ్లాలి. మూడింటికి రావాల్సిన కారు రాలేదు. డ్రైవర్లంతా పండక్కి మహేశ్వరం, కొత్వాల్‌గూడ, ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. చివరికి అనంతయ్య గారే పూలదండలున్న కారు తీసుకుని, వాళ్లని ఎక్కించుకుని ఎగిరిపోయాడు. ఎయిర్‌పోర్టులో కౌంటర్ అప్పటికే మూసేశారు, విమానం తప్పిపోయింది. పెద్దపిల్ల అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చిందట.

రేఖ గారు ఒక్క మాటే అంది. “పొద్దున నేనే ఫోన్ చేశాను. మీ అమ్మాయి అయిందని చెప్పింది. ఇక వద్దండీ.”

కంప్యూటర్‌లో చూశాం. దాని నెత్తిన బొట్టు ఉంది, బుకింగ్ లేదు.

“నేను తీస్కున్ననన్నా!” అంది శోభ. “గట్ల పూజకు లేస్తున్న, గప్పుడే ఫోనొచ్చింది. కొట్టిన. అయిందని పచ్చగ వచ్చింది. నా కండ్లతోని చూసిన!”

“వస్తే ఏడ పాయె?” అన్నాడు అనంతయ్య గారు. “మిషన్ల లేదు. పండుగ సంబురంల పడి మరిచినవ్. నువ్వు జేసిన పనికి నా కొంప మునిగె. రేపటి సంది రాకు.”

శోభ నా వైపు చూసింది.

నాకు తెలుసు. ఆ అమ్మాయి కొట్టడం, మిషన్ అయిందనడం, డిస్కుకి తీరిక లేకపోవడం, ఆయన మీట నొక్కడం, అన్నీ అదే అరనిమిషంలో జరిగాయి. పక్కన లాప్‌టాప్ ఉంటే అందులో దొరికేది. లాప్‌టాప్ మా ఇంట్లో సోఫా మీద ఉంది. ఇంత తెలిసినవాణ్ణి, నోరు పెగలక నిలబడ్డాను. శోభ చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. నేనూ ఇంటికొచ్చాను. ఛీ.

కీర్తనకి చెప్పాను. తను ఎగతాళి చేయలేదు. అంతకంటే శిక్ష లేదు.

చీకటి పడుతుండగా తలుపు చప్పుడైంది. అనంతయ్య గారు! చేతిలో జమ్మి ఆకు. ఇక్కడ దసరా సాయంత్రం జమ్మి చేతిలో పెట్టి, బంగారం అని చెప్పి, కౌగిలించుకుంటారు. చిన్నవాళ్లే పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఆయనే వచ్చాడు.

“నువ్వు రాలె. అందుకె నేనొచ్చిన” అని నా చేతిలో పెట్టి కౌగిలించుకున్నాడు. మనిషి వేడిగా ఉన్నాడు. జ్వరమేమో.

ఇక ఆగలేదు. గుమ్మంలోనే చెప్పేశాను. “శోభ తప్పు లేదండీ. బుకింగ్ తీసుకుంది. రాయకుండానే అయిందని చెప్పేలా మిషన్ని మార్చింది నేను. పొద్దున మీకు ఫోన్లో అబద్ధం చెప్పిందీ నేనే.”

ఆయన గుమ్మం పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు.

“ఆ పిల్లను అందరి ముంగట అంటి” అన్నాడు. కాంట్రాక్టు మాట ఎత్తలేదు. లేచి నిలబడ్డాడు. “దసరా నాడు ఎవ్వల్ని తిట్టద్దని మా బాపు చెప్తుండె. రేపు పొద్దుగాల రా. రేపు తిడత.”

కీర్తన గారెలు పొట్లం కట్టి ఇచ్చింది. తీసుకున్నాడు. ఇక్కడి నుంచి నేరుగా శోభ వాళ్లింటికి వెళ్లాడని తర్వాత తెలిసింది.

అక్టోబర్ 25, గురువారం

తిట్టాడు. మాట తప్పే మనిషి కాదు. మధ్యలో టీ తాగి మరీ తిట్టాడు. నాకు సగం మాటలు అర్థం కాలేదు, అర్థమైన సగమే చాలు.

హోటల్ పోయింది. రేఖ గారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. విన్నది, నీళ్లిచ్చింది. కాంట్రాక్టు నిన్న సాయంత్రమే వేరేవాళ్లకి వెళ్లిపోయింది. రెండు కార్లు అమ్మేస్తానని అనంతయ్య గారు అన్నాడు. రేణుకమ్మ గారు ఈరోజు కూడా మజ్జిగ పంపించింది. నేను తాగలేకపోయాను.

“నన్ను తీసేయండి” అన్నాను.

“తీసేద్దమనే అనుకున్న. రాత్రంత సోంచాయించిన” అన్నాడు. “నిన్ను తీసేస్తే గీ డబ్బా సంగతి ఎవలికి ఎరుక? ఎట్ల బంద్ జెయ్యాలె, ఎట్ల లేపాలె, ఏడ ఏమున్నది, నీ బుర్రల తప్ప ఇంకేడన్న ఉన్నదా?”

“లేదండీ.”

“మరి నీకే కరెంట్ పోతే?”

ముప్ఫై రెండేళ్ల మనిషిని. రోజూ స్కూటర్ మీద లారీల మధ్య ఆ బెంగళూరు రోడ్డు దాటి వస్తాను. ఈ మనిషి భూమి పోగా మిగిలినదంతా నా తలకాయలో ఉంది. నకలు లేదు.

కాబట్టి కొత్త నిర్ణయం. కొత్తదేం కాదు, పాతదే, మొదటి నుంచి: డిస్కు మీద పడేదాకా అయిపోయిందని అనను. మిషన్ చేతా అనిపించను. ఇంకొకటి, నాకు తెలిసిందంతా శోభకి నేర్పుతాను. ఈరోజు నుంచే. (సోమవారం మంచిదని ఒకసారి అనిపించింది. కొట్టేశాను.)

శోభ వచ్చింది. కుర్చీ లాక్కుని కంప్యూటర్ పక్కన కూర్చుంది. నేను క్షమాపణ చెప్పాను. “గది తర్వాత సార్, ముందుగాల పని చూపెట్టుండ్రి” అంది. సడలించినవన్నీ తన ముందే ఒక్కొక్కటీ మళ్లీ బిగించాను. ప్రతి బుకింగ్‌కీ డిస్కు జవాబు చెప్పేదాకా ఆగాలి. ఆలస్యమైతే అవనీ. కెమెరాల బొమ్మలకి వేరే డిస్కు. దాన్ని నా జేబులోంచి కొన్నాను.

అన్నీ విన్నాక శోభ వెళ్లి గోడ దగ్గర నిలబడింది. మీట మీద వేలు పెట్టింది.

“అంత అయిందా సార్? బంద్ జేసి చూస్త.”

నోరు దానంతట అదే తెరుచుకుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనంతయ్య గారు తలెత్తి చూశాడు.

“ఆగు” అన్నాను. “కాలేదు. ఇంకా రాస్తోంది.”

శోభ వేలు తియ్యలేదు. కాలితో స్టూలు దగ్గరికి లాక్కుని అక్కడే కూర్చుంది.

“కానియ్యుండ్రి. అయినంకనే చెప్పుండ్రి” అంది. “నేను ఈడనే ఉంట.”